ఊడుతుందని చెప్పి ఇచ్చిన అతుకు

పాత గమ్ము వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కాలిన గోరు వాసనలో కాస్త పులుపు కలిసినట్టు ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ వాసన తగిలిందంటే, ఎక్కడో ఒక అతుకు పట్టు వదులుతున్నదని అర్థం. ఈ పొద్దున మా షెడ్డు నిండా అదే వాసన. ఎదురుగా ఎత్తు పీట మీద మౌనిక కూచుని ఉంది. ఆ పిల్ల పాల్వంచలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. వాళ్ళమ్మ స్వరూపక్క ములకలపల్లి రోడ్డు మీద చిన్న హోటల్ నడుపుతుంది. ఆ హోటల్లో ఉల్లిగడ్డలు కోసే కత్తిని మౌనిక పాత తువ్వాలలో చుట్టి తెచ్చి, "అక్కా, పిడి కాడ పొరలు ఊడినయి. అమ్మ నీ దగ్గరికే తీసుకపొమ్మన్నది" అంది. నేను ఆశ్చర్యపోలేదు. అది ఊడుతుందని, చేసిచ్చిన రోజే కొమరయ్య కాకా చెప్పాడు. అలా చెప్పినందుకు అప్పట్లో నేను ఆయనతో పోట్లాడాను కూడా.

కొమరయ్య కాకా నాకు చుట్టం కాదు. మా వైపు పెద్ద వయసు మగవాళ్ళను కాకా అంటాం, అంతే. బొగ్గుబాయి వర్క్‌షాపులో, ఇనుమును గుండ్రంగా తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళు మా దగ్గర మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. అరెకరం కొని పత్తి పెట్టి తమను తాము తిట్టుకుంటారు, లేదంటే టీ కొట్టు ముందు కూచుని పాత ఆఫీసర్లను తిడతారు. ఈయన రెండూ చెయ్యలేదు. టేకులపల్లిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, తుక్కు కింద కొన్న చిన్న లేత్ పెట్టుకుని, కత్తులకు పిడులు చెయ్యడం మొదలుపెట్టాడు. కత్తిని ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో సాగగొట్టి ఇచ్చేవాడు. పిడికి కర్ర పాత మంచం కోళ్ళ నుంచి, విరిగిన బండి కాడి నుంచి వచ్చేది. కొత్త కర్ర ముట్టుకుంటే ఫారెస్టు వాళ్ళతో తలనొప్పి.

ఆయన పనితనమంతా కత్తికీ కర్రకూ మధ్య ఉండే పొరల్లో ఉండేది. కత్తి వెనక పిడిలోకి దిగే సన్నటి తోక ఉంటుంది. ఇత్తడి, రాగి, నల్ల ఫైబర్, మళ్ళీ ఇత్తడి, ఇలా పల్చటి ముక్కలకు సందు కోసి, ఆ తోకకు ఒక్కొక్కటే గుచ్చి, గమ్ముతో ఒకదానికొకటి అతికించి, ఆ వెనక కర్ర తొడిగి, చివర నట్టు బిగిస్తారు. పక్క నుంచి చూస్తే పిడి మెడ దగ్గర రంగురంగుల గీతలు కనిపిస్తాయి. హైదరాబాదు నుంచి ఫోన్లు చేసి చేయించుకునేవాళ్ళు ఆ గీతలను చూసే ముచ్చటపడతారు. ఆయన మాత్రం అది అందం కోసం కాదనేవాడు. "కర్ర వానకాలం ఉబ్బుతది. ఇనుము ఉబ్బది. ఇద్దరిని పక్కపక్కన కూచోబెడితే పంచాయితే. నడిమిట్ల సర్దిచెప్పెటోళ్ళు కావాలె" అనేవాడు. కొన్నవాళ్ళకు ఈ మాట బాగా నచ్చేది. నేను రోజూ వినేదాన్ని కాబట్టి నాకు అంతగా నచ్చేది కాదు.

నేను టేకులపల్లి అవతలి తండా నుంచి వచ్చాను. ఐటీఐలో ఫిట్టర్ చదివి, కొత్తగూడెంలో ఒక వర్క్‌షాపులో కాంట్రాక్టు మీద పనిచేశాను. కాంట్రాక్టు అయిపోయింది. అప్పటికి పెళ్ళయింది, మా ఆయన ఆటో నడిపేవాడు, ఇంట్లో కూచోవడం నాకు చేతకాదు. ఎవరో చెబితే కాకా షెడ్డుకు పోయి పని అడిగాను. ఆయన లేత్ ఆపకుండానే, "నీకేం వస్తది?" అన్నాడు. "ఫైలు పట్టి ఇనుము అరగదీసుడు వస్తది" అన్నాను. "అది అందరికి వస్తది. ఆపుడు వస్తదా?" అన్నాడు. వస్తదని చెప్పాను. అబద్ధమని ఆయనకు వెంటనే అర్థమైంది. అయినా రేపటి నుంచి రమ్మన్నాడు.

మొదట్లో ఒక ఇత్తడి ముక్క, ఒక రాగి ముక్క ఇచ్చి అతికించమన్నాడు. నున్నగా చెయ్యడం నాకు తెలిసిన విద్య. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి రెండిటినీ మొహం కనిపించేదాకా రుద్దాను. అతికించి, ఎండాక తెచ్చి గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, గచ్చు మీద పడేశాడు. రెండూ టక్కున విడిపోయి చెరో మూలకు దొర్లాయి. "నున్నగ చేసిన కద కాకా" అన్నాను, కోపం దాచుకోకుండా. "అవ్, చేసినవ్. మొహం చూసుకోనీకి పనికొస్తది. గమ్ముకు పట్టుకోనీకి ఏదన్న ఉండాలె కద బిడ్డా" అన్నాడు. ముక్క చదునుగా ఉండాలి, నున్నగా ఉండకూడదు. చదును చేశాక అడ్డదిడ్డంగా గీతలు పెట్టాలి, థిన్నర్‌తో తుడవాలి, తుడిచాక వేలు తగలకూడదు. వేలి జిడ్డు చాలు, అతుకు చెడిపోవడానికి. గీకని ముఖం అతకదు అన్నది ఆ షెడ్డులో నేను నేర్చుకున్న మొదటి సంగతి. ఆ తర్వాత ఎప్పుడైనా తొందరలో ఒక ముక్కను సరిగ్గా గీకకుండా అతికిస్తే, ఆయన ఎట్లా పసిగట్టేవాడో గానీ, అదీ గచ్చు మీదికే పోయేది.

రెండో సంగతి నేర్చుకోవడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. బాయి వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్ళు మాత్రమే చేసే తప్పు ఒకటుంది. అక్కడ ఒక బోల్టు వదులైతే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని పానాకు పైపు తొడిగి, ఇద్దరు వేలాడి మరీ బిగిస్తారు. బిగింపు అంటే వాళ్ళకు అదొక్కటే తెలుసు. అదే చెయ్యితో, అతికించిన ముక్కలను అదిమిపట్టే క్లాంపు స్క్రూను బిగిస్తే గమ్మంతా పక్కలకు కారిపోయి, లోపల రేకుకు రేకు తగిలి, అతికించేది ఏదీ మిగలదు. బయటికి మాత్రం రాయిలా గట్టిగా కనిపిస్తుంది. కాకా మొదట చేసిన కత్తులన్నీ అట్లాగే ఊడి వచ్చాయట. "గమ్ము మీదనే కోపం తీసుకున్న. గమ్ము అమ్మిన కొట్టోనితోని కొట్లాట పెట్టుకున్న. నా చెయ్యిదే తప్పని తెలిసేసరికి సిగ్గయింది" అని ఆయనే నవ్వుతూ చెప్పాడు. మునివేళ్ళతో స్క్రూ తిప్పి, తగిలిందనగానే ఆగిపోవాలి. మొదటి రోజు ఆయన అడిగిన ఆపడం ఇదే.

ఆగడం నా వల్ల అయ్యేది కాదు. క్లాంపు పెట్టి పక్కకు కూచుంటే, చెయ్యి దానంతటదే పోయి ఇంకొంచెం తిప్పేది. నాకే కాదు, ఆయనకు కూడా అంతే. అందుకని ఒక ఉపాయం పెట్టుకున్నాడు. క్లాంపు పెట్టగానే షెడ్డులో ఎవరూ ఉండకూడదు. "పో, పెరుగు తీసుకరాపో" అనేవాడు నాతో. ఆయన బయటికి పోయి బీరపాదుకు నీళ్ళు పట్టేవాడు. పెరుగు కొట్టు బస్టాండు దగ్గర ఉండేది, పోయి వచ్చేసరికి గమ్ము పట్టుకునేది. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు ఇంట్లో పెరుగు గిన్నెలు వరసగా ఉండేవి. ఆయన భార్యను నేను చిన్నమ్మా అనేదాన్ని. ఆమె గడప దగ్గర నిలబడి, "మల్ల పెరుగేనా? బర్రెను కట్టేసుకున్నా ఇంట్ల గింత పెరుగు ఉండదు" అని గోల పెట్టేది. మజ్జిగపులుసు తినీ తినీ మా అందరికీ మొహం మొత్తింది.

పని ఒప్పుకునే ముందు ఆయన ఒక మాట అడిగేవాడు. ఇంట్లోంచి ఏదన్నా లోహం ముక్క తెచ్చుకోమనేవాడు. పగిలిన చెంబు, ఎద్దు మెడ గంట, అరిగిపోయిన తలుపు గొళ్ళెం, ఏదైనా సరే. పొరల్లో ఒకటి దానితో చేసేవాడు. నా కత్తికి నేను మా అమ్మ సొట్టలు పోయిన ఇత్తడి బిందె ముక్క తెచ్చాను. కత్తిలో బిందె ఏంటని మా అమ్మ మా లంబాడీలో అడిగిన తీరుకు తండా అంతా నవ్వింది. ఆ ముక్క మీద రంధ్రం ఎక్కడ పడాలో పంచ్ పెట్టి కొట్టే మొదటి దెబ్బ మాత్రం తెచ్చినవాళ్ళే కొట్టాలి. ఇందులో ఏదో మహత్తు ఉందని కొందరు అనుకునేవాళ్ళు. అలాంటిదేమీ లేదు. ఎర్రుపాలెం నుంచి వచ్చిన ఒక రైతు తన నాయనమ్మ తిన్న ఇత్తడి కంచం ఇచ్చి, కోసిన తర్వాత మనసు మార్చుకుని, పొద్దంతా షెడ్డులో కూచుని ఏడ్చాడట. అప్పటి నుంచి కాకా ఈ ఆచారం పెట్టాడు. కొట్టిన చోట కొట్టినట్టే రంధ్రం పడుతుంది, రెండో దెబ్బ లేదు.

స్వరూపక్క వచ్చింది నేను చేరిన కొన్నేళ్ళకు. ఆమె భర్త రాజలింగు బాయిలో పనిచేసేవాడు. ఇంట్లోనే, నిద్రలో గుండె ఆగి పోయాడు. ఆమె కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి బిళ్ళ బల్ల మీద పెట్టింది. బాయిలోకి దిగే ముందు ప్రతి మనిషీ దీపాలిచ్చే గదిలో తన నంబరు బిళ్ళ ఇచ్చి, తలదీపం తీసుకునేవాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు. బిళ్ళ ఇంకా ఆ గదిలోనే ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. తర్వాత పద్ధతి మారి కార్డులు వచ్చాయి, పాత బిళ్ళలు ఎవరూ అడగలేదు. రాజలింగు తన బిళ్ళను జేబులోనే పెట్టుకు తిరిగేవాడట, బొటనవేలితో రుద్దుకుంటూ. మధ్యలో నాలుగంకెలు లోతు లేకుండా అరిగిపోయి ఉన్నాయి.

"మొదటి షిఫ్టు దిగొచ్చి హోటల్‌కు ఉల్లిగడ్డలన్ని ఆయనే కోసెటోడు అన్నా. నాకు కండ్లమంట అని. ఇప్పుడు నేనే కోస్తున్న. కత్తిల ఇది పెట్టు" అంది స్వరూపక్క.

కాకా బిళ్ళను వెలుతురుకు పట్టి చూశాడు. "పిడి చివర పెడత చెల్లె. నంబరు బయటికి కనవడేటట్టు" అన్నాడు.

"వద్దన్నా. బయట ఉంటె పీచు పెట్టి తోమంగ తోమంగ పోతది. వచ్చినోళ్ళు పోయినోళ్ళు ఏంది ఏంది అని అడుగుతరు. లోపలుండాలె. నేను పట్టుకున్నకాడ ఉండాలె."

"లోపల పెడితె నడిమిట్లకెళ్ళి కత్తి తోక పోవాలె. నంబరు నడిమిట్లనే ఉన్నది. నంబరు పోతది."

ఆమె బిళ్ళను చేతిలోకి తీసుకుని అంకెలు చూసుకుంది. నేను పంచ్, సుత్తి తీసి బల్ల మీద పెట్టాను. సుత్తి చేతిలోకి తీసుకుంది గానీ ఎత్తలేదు. బిళ్ళను మళ్ళీ కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఇంక రాదనుకున్నాను. ఆమె వెళ్ళినప్పుడు అడవిలో ఎండాకాలపు తునికాకు కోత ఇంకా మొదలు కాలేదు. వానలు పడి వాగులు నిండాక ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది, ఈసారి చిన్నపిల్ల మౌనికను వెంటబెట్టుకుని. ఎవరినీ ఏమీ అడగలేదు. బిళ్ళను దిమ్మ మీద పెట్టి, పంచ్ ఆనించి, ఒక్క దెబ్బ కొట్టింది. చూస్తే గుర్తు మధ్యలో లేదు, అంకెల కిందికి పడింది. "నంబరు మీద నా చెయ్యి లేవలె అన్నా. జర కిందికి కొట్టిన. పనికొస్తదా?" అంది.

పక్కకు పడింది కాబట్టి ఇంకోసారి కొట్టించాలేమో అని నేను కాకా మొహం చూశాను. ఆయన బిళ్ళ మీద స్కేలు పెట్టాడు, తీశాడు, పిడి ఆకారం పెన్సిలుతో గీసి చూశాడు. తోక ఆ గుర్తు దగ్గర దిగితే అంకెలన్నీ పైన క్షేమంగా ఉంటాయి. బిళ్ళ పిడి కంటే పెద్దది, ఎటైనా జరుపుకోవచ్చు. ఇంత చిన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆయన గట్టిగా నవ్వాడు. "లేత్ మీద బతికినోన్ని కద చెల్లె. గుండ్రంగ ఏది కనవడ్డా నాకు నడిమి తప్ప ఇంకోటి కనవడది. నిన్ను ఊకెనే ఇన్ని దినాలు ఏడిపించిన" అన్నాడు. స్వరూపక్క నవ్వలేదు. అయితే నంబరు ఉంటదా అని మాత్రం అడిగింది. ఉంటదని చెప్పాడు. అప్పుడు ఆమె సుత్తి దిమ్మ పక్కన పెట్టి, మౌనికను దగ్గరికి లాక్కుంది.

కానీ పని అంతటితో అయిపోలేదు. సందు కోసి, అంచులు కత్తిరించి, నేను బిళ్ళను గరుకు కాగితం దగ్గరికి తీసుకుపోతుంటే కాకా చెయ్యి పట్టుకున్నాడు. "వెనక దిక్కు గీకు. నంబరు దిక్కు ముట్టకు" అన్నాడు. అంకెలు అంత పల్చగా ఉన్నాయి, నాలుగు రుద్దులకు మాయమైపోతాయి. నిజమే. కానీ గీకని ముఖం అతకదని నాకు గచ్చు మీద పడేసి మరీ నేర్పింది ఆయనే. అదే గుర్తుచేశాను. వినలేదు. ఆ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, బిళ్ళకూ పక్కనున్న రాగి పొరకూ బయటికి కనిపించకుండా రెండు సన్న పిన్నులు గుచ్చాడు. అతుకు వదిలినా పొర కదిలి చెయ్యి కోసుకోకుండా ఆ పిన్నులు పట్టుకుంటాయి. ఆ రోజు నన్ను పెరుగుకు పొమ్మని కూడా అనలేదు. క్లాంపు పెట్టి, తనే చేతులు వెనక్కి కట్టుకుని బయటికి నడిచాడు.

కత్తి చేతికిచ్చేటప్పుడు ఆయన స్వరూపక్కతో అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "చెల్లె, ఇది ఊడుతది. ఇయ్యాల కాదు, రేపు కాదు. వేడినీళ్ళల్ల కడగంగ కడగంగ ఎన్నడో ఒకనాడు ఈ ఒక్క పొర కాడ ఇడుస్తది. ఇడిచిననాడు పారెయ్యకు. తీసుకరా." ఆమె దానికేమీ కంగారుపడలేదు. "అవ్ అన్నా, తెస్త" అని, కత్తిని సంచిలో పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. నాకే ఒళ్ళు మండింది. ఊడే అతుకు మన షెడ్డు నుంచి పోతే పేరు పోదా అని అడిగాను. నేను చేసినదాన్ని గచ్చు మీద పడేసే మనిషి తన చేత్తో చేసినదాన్ని పడెయ్యడా అని కూడా అన్నాను. ఆయన బీరపాదుకు నీళ్ళు పడుతూ, "పేరు పోతె మల్ల తెచ్చుకుందం బిడ్డా. అంకెలు పోతె ఏడికెళ్ళి తెస్తం?" అన్నాడు. ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. ఇన్నేళ్ళుగా ఈ పని చేశాక కూడా సగమే నచ్చుతుంది. మంచి అతుకు మంచి అతుకే. ఎవరి నంబరైనా సరే.

చివరి రోజుల్లో ఆయనకు చూపు మందగించింది. షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూచునేవాడు, నేను లోపల పని చేసేదాన్ని. స్క్రూ కిర్రుమంటే చాలు, "ఎక్కువైంది, ఆపు" అని బయటి నుంచే కేకేసేవాడు. ఒక్కోసారి నేను కావాలనే కిర్రుమనిపించి ఆయన చేత కేక పెట్టించుకునేదాన్ని. తర్వాత జ్వరం వచ్చింది, దవాఖానాకు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు టీలు అందించాను, చిన్నమ్మ పక్కన కూచున్నాను, అంతే. మనసు రాయి అయిపోయిందేమో అనుకున్నాను. కర్మకాండలన్నీ అయ్యాక మళ్ళీ షెడ్డు తెరిచి, ఒప్పుకున్న పని మొదలుపెట్టాను. పొరలు గుచ్చి క్లాంపు పెట్టాను. నన్ను పొమ్మనేవాళ్ళు లేరు. చెయ్యి పోయి స్క్రూ తిప్పింది, ఇంకొంచెం తిప్పింది. గమ్మంతా పక్కలకు కారి బల్ల మీద పడింది. అది చూశాక ఏడ్చాను. చిన్నమ్మ వచ్చి, ఏంది బిడ్డా, ఏమైంది అని అడిగితే, ఎక్కువ బిగించిన చిన్నమ్మా అని మాత్రమే చెప్పగలిగాను. తర్వాత ఆమే షెడ్డు నాకు కిరాయికి ఇచ్చింది.

ఇదంతా మౌనికకు చెప్పలేదు. వేడిగాలి కొట్టే హీట్ గన్ పట్టుకుని పిడి మెడ చుట్టూ వేడి తిప్పుతూ కూచున్నాను. నట్టు విప్పి మెల్లగా లాగితే, కర్రా రాగీ ఒక పక్కకు, బిళ్ళా కత్తీ ఒక పక్కకు వచ్చాయి. కాకా చెప్పిన పొర దగ్గరే, ఎక్కడా ఒక్క గీత అటూ ఇటూ కాకుండా విడిపోయింది. గీకిన అతుకులు మిగతావన్నీ అట్లాగే ఉన్నాయి, ఆ కాస్త వేడికి లొంగలేదు. బిళ్ళ మీద అంకెలు నేను చివరిసారి చూసినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఉల్లిగడ్డ రసం, వేడినీళ్ళు వాటి దాకా పోలేదు. మౌనిక పీట దిగి వచ్చి వంగి చూసింది. వాళ్ళ నాన్న బిళ్ళ అందులో ఉందని ఆ పిల్లకు తెలుసు. నంబరు ఎంతో ఎప్పుడూ చూడలేదు, వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"ఒకటి, ఏడు, సున్న, ఆరు" అని చదివి, ఇంకోసారి వేలు పెట్టి చదివింది. తర్వాత, "అక్కా, ఇది అమ్మ ఫోన్ లాక్" అంది. "చిన్నప్పటి సంది నేనే తీస్తున్న. ఎందుకీ నంబరు పెట్టినవ్ అంటె, ఊకెనే పెట్టిన అన్నది."

నేను గరుకు కాగితం తీసి బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఇప్పుడు ఈ ముఖం గీకి అతికిస్తే ఇంక జన్మలో ఊడదు, కానీ నంబరు పోతుంది. గీకకుండా అతికిస్తే నంబరు ఉంటుంది, కానీ మళ్ళీ ఎప్పుడో ఊడుతుంది. మౌనిక ఫోన్ తీసి ఫోటో తీసుకుంది. "ఫోటో ఉన్నది కద, ఇంక గీకనా?" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, ఆ పిల్ల బిళ్ళ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దక్కా. ఊడనీ. ఊడితె మల్ల తెస్త" అంది. వాళ్ళమ్మ ఆ రోజు అన్నట్టే అంది, అంత మామూలుగా. మంచి అతుకు మంచి అతుకే అని నేను ఇందాక రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టిన క్షణంలో, కాకా అన్నదాంట్లో మిగతా సగం కూడా నచ్చింది.

అప్పుడే రాగి ముక్క వైపు చూశాను. గీకిన ముఖం కాబట్టి పాత గమ్మంతా దానికే పట్టుకుని ఉంది. బిళ్ళ మీది అంకెల గుంటల్లోకి పోయిన గమ్ము అక్కడే గట్టిపడి, రాగి మీద నాలుగంకెలు తిరగబడి ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి. వేలితో తడిమితే తగులుతున్నాయి. ఇట్లా అవుతుందని కాకాకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పకుండా ఉండేవాడు కాదు, అలాంటివి దాచుకునే మనిషి కాదు. ఏమైనా కొత్త అతుకుకు ఆ ముక్క పనికిరాదు. వేడి పెట్టి, ఓపిగ్గా కర్ర నుంచి దాన్ని విడదీసి, చల్లారాక మౌనిక చేతిలో పెట్టాను. బొటనవేలు దాని మీద అటూ ఇటూ పోనిచ్చింది. "మల్ల ఊడితె ఇట్లాంటిదే ఇంకోటి వస్తదా అక్కా?" అని అడిగింది. వస్తదని చెప్పాను.

కొత్త రాగి ముక్క కోసి, చదును చేసి, గీతలు పెట్టాను. బిళ్ళను థిన్నర్‌తో తుడిచి వదిలేశాను. ఆయన గుచ్చినచోటే రెండు పిన్నులు గుచ్చి, గమ్ము కలిపి, పొరలు కూర్చి, తోకకు కర్ర తొడిగి, క్లాంపు పెట్టాను. మునివేళ్ళతో తిప్పి, తగిలిందనగానే ఆపాను. బయట ఎండ పెరిగింది. ఇన్నేళ్ళయినా నా చెయ్యి మళ్ళీ స్క్రూ మీదికి పోబోయింది.

"లే, పెరుగు తీసుకొద్దాం పా" అన్నాను మౌనికతో.

"ఇప్పుడు పెరుగెందుకక్కా?" అంది నవ్వుతూ. నడుస్తూ చెప్తానని చెప్పి షెడ్డు తలుపు వేశాను. ఇంటి అరుగు మీద చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా కాళ్ళ చప్పుడు విని తలెత్తి, నా చేతిలో ఖాళీ గిన్నె చూసి, "మల్ల పెరుగేనా?" అంది.

"అవ్ చిన్నమ్మా" అన్నాను.